తేలికే, కానీ బరువు ఎక్కడుంది? వైర్‌లెస్ మెటల్ డిటెక్టర్ మంచీ చెడూ

దృశ్యం: బల్ల మీద నిండు లీటరు నీళ్ల సీసా. పక్కనే మడిచి పెట్టిన డిటెక్టర్.

ఈ సీసాలో లీటరు నీళ్లున్నాయి. అంటే కిలో బరువు. పక్కనున్న మెటల్ డిటెక్టర్ కూడా అటూ ఇటూగా కిలోనే. సీసాను ఛాతీకి ఆనించి పట్టుకోమంటే అరగంటైనా కబుర్లు చెబుతూ నిలబడతాను. అదే చెయ్యి బారచాపి పట్టుకోమంటే, రెండు నిమిషాలకే జబ్బ వణకడం మొదలవుతుంది. సీసా అదే, నీళ్లూ అవే. బరువు ఒంటికి ఎంత దూరంలో ఉందన్నదే మారింది.

తేలికైన వైర్‌లెస్ డిటెక్టర్ కొనమంటావా అని అడిగినవాళ్లకి నేను ముందు ఈ సీసానే చూపిస్తాను. డబ్బా మీద రాసిన గ్రాములు సగం కథే చెబుతాయి.

దృశ్యం: పాత పద్ధతి డిటెక్టర్. కాయిల్ నుంచి రాడ్‌కి చుట్టుకుంటూ పైకి పోయిన కేబుల్ వెంట కెమెరా నెమ్మదిగా కదులుతుంది.

ముందు వైర్‌లెస్ అంటే ఏమిటో తేల్చుకుందాం. హెడ్‌ఫోన్‌కి వైరు లేకపోతే వైర్‌లెస్ అనేస్తారు చాలామంది. అది సగం వైర్‌లెస్. మామూలు డిటెక్టర్‌లో, కింద పళ్లెంలా కనబడే కాయిల్ లోపల ప్రధానంగా ఉండేది రాగి తీగ చుట్టలే. ఒక చుట్ట నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దాని దారిలో లోహం ఉంటే, ఆ లోహంలో చిన్న చిన్న సుడి కరెంట్లు పుడతాయి. వాటి జవాబును రెండో చుట్ట అందుకుంటుంది. ఆ జవాబు చాలా సన్నగా ఉంటుంది, అది కేబుల్ గుండా పైన ఉన్న కంట్రోల్ బాక్స్ దాకా రావాలి. లెక్కంతా అక్కడ జరుగుతుంది.

పూర్తి వైర్‌లెస్ మెషిన్‌లో ఆ లెక్క చేసే సర్క్యూట్‌ని కిందికి దించేశారు. కాయిల్‌కే ఒక చిన్న బ్యాటరీ, ఒక చిప్పు ఉంటాయి. సిగ్నల్ పుట్టినచోటే అంకెలుగా మారిపోతుంది. ఆ అంకెలు రేడియో మీద హెడ్‌ఫోన్‌కీ, చేతిలో ఉన్న రిమోట్‌కీ వస్తాయి. ఈ పద్ధతికి పేరు తెచ్చిన మెషిన్ ఫ్రాన్స్‌కి చెందిన ఎక్స్‌పీ కంపెనీ 2009లో బయటపెట్టిన డియూస్. కిలోకి కాస్త తక్కువే తూగుతుంది. పోలికకి చెబుతున్నాను, రెండో ప్రపంచ యుద్ధంలో మందుపాతరలు వెతకడానికి పోలండ్ సైనికాధికారి యోజెఫ్ కొసాట్స్కి రూపొందించిన డిటెక్టర్ దాదాపు 14 కిలోలు. ఒక్క మనిషి మోయగలడు అన్నదే అప్పట్లో దాని గొప్ప.

దృశ్యం: పక్క నుంచి తీసిన షాట్. పిడి, మోచేతి పట్టు, కాయిల్ మూడింటి మీదా రంగు చుక్కలు.

ఇప్పుడు సీసా దగ్గరికి మళ్లీ వద్దాం. పిడి నుంచి కాయిల్ 90 సెంటీమీటర్లు ముందుందనుకోండి. మోచేతి పట్టు 30 సెంటీమీటర్లు వెనకుంది. కాయిల్ దగ్గర 100 గ్రాములు పెరిగితే డిటెక్టర్ ముక్కు కిందికి వాలుతుంది. దాన్ని నిలబెట్టడానికి మీ మోచేయి 300 గ్రాముల బలంతో కిందికి అదిమి పట్టాలి. పిడి పట్టుకున్న అరచేతి మీద పడేది 400 గ్రాములు. కాటా మీద చూస్తే మాత్రం పెరిగింది 100 గ్రాములే!

తిరకాసు కనబడిందా? కంట్రోల్ బాక్స్‌ని తీసేసి మొత్తం బరువు తగ్గించారు, మంచిదే. కానీ బ్యాటరీని, సర్క్యూట్‌ని తీసుకెళ్లి బరువు ఎక్కువ బాధపెట్టే చోటే పెట్టారు. అందుకే ఈ మెషిన్లకి చిన్న కాయిల్ వేస్తే ఈకలా ఉంటుంది. పెద్ద కాయిల్ వేసిన రోజు, ఇది నిన్నటి మెషిన్ కాదేమో అనిపిస్తుంది. కొన్ని వైర్ ఉన్న మెషిన్లలో బ్యాటరీని మోచేయి వెనక పెడతారు. అవి కాటా మీద బరువు, చేతిలో తేలిక. కిలోన్నర ఉన్నా సమంగా తూగే మెషిన్, కిలో ఉండి ముక్కు వాలే మెషిన్ కంటే నయం. ఇది నా భుజం చెప్పే తీర్పు, నాది కాదు.

సరే, సరైన కాయిల్ వేసుకున్నారనుకుందాం. అప్పుడు ఈ తేలికకి తిరుగులేదు. అటు నుంచి ఇటు ఒక ఊపుకి రెండు సెకన్లు పట్టినా గంటకి 1800 ఊపులు. నాలుగు గంటలు తిరిగితే 7200. సాయంత్రానికి అలసిన చెయ్యి ఏం చేస్తుందంటే, కాయిల్‌ని నేలకి దగ్గరగా ఉంచడం మానేసి, ఊపు చివర పైకి ఎత్తేస్తుంది. ఎత్తిన ప్రతిసారీ ఆ మేరకు లోతు పోయినట్టే. చేతికి సుఖం అంటే కేవలం సుఖం కాదు, దొరకాల్సినవి దొరకడం కూడా.

దృశ్యం: ముళ్ల పొదలో తిరుగుతున్న కాయిల్. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని తవ్వుతున్న మనిషి.

కేబుల్ లేకపోతే పొదల్లో ఏదీ చిక్కుకోదు. వంగి తవ్వేటప్పుడు మెడకి వైరు చుట్టుకోదు, లేచేటప్పుడు హెడ్‌ఫోన్ ఊడి గోతిలో పడదు. కేబుల్ వదులై రాడ్‌కి కొట్టుకుంటూ ఉంటే వచ్చే ఉత్తుత్తి మోతలు కూడా ఉండవు. రాడ్ మూడు ముక్కలుగా లోపలికి జారిపోయి సంచిలో పడుతుంది.

దృశ్యం: నేల మీద ఒక నాణెం. పక్కన స్కేలు. కాయిల్ దాని మీదుగా వెళ్తుంది. స్లో మోషన్.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం, ఆలస్యం. శబ్దం రేడియోలో వచ్చేటప్పుడు కొంచెం వెనకబడుతుంది. ఎంత అన్నదే ప్రశ్న. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో ఆ ఆలస్యం 150 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఉండొచ్చు. పాట వింటే తెలియదు. డిటెక్టర్‌లో తెలుస్తుంది. మీ కాయిల్ సెకనుకి ఒక మీటరు వేగంతో కదులుతోందనుకోండి, 200 మిల్లీసెకన్లలో అది 20 సెంటీమీటర్లు దాటిపోతుంది. అంటే నాణెం మోత మీ చెవిలో పడేసరికి, కాయిల్ దాదాపు తన వెడల్పంత ముందుకి వెళ్లిపోయింది. మీరు ఆగి, అక్కడ గడ్డి పక్కకి తీసి, తవ్వుతారు. ఏమీ ఉండదు.

నేను సరిగ్గా ఇదే చేశాను. చేతిలో మంచి మెషిన్, చెవులకి పాటలు వినే హెడ్‌ఫోన్. మధ్యాహ్నమంతా ఒకదాని పక్కన ఒకటి గోతులు తవ్వాను. చివరికి చిరాకొచ్చి హెడ్‌ఫోన్ తీసి, మెషిన్ స్పీకర్‌తో విన్నాను. మోత జానెడు పక్కన వినబడింది. అక్కడ తుప్పు పట్టిన మేకు ఒకటి హాయిగా పడుకుని ఉంది.

తమాషా ఏమిటంటే, ఎడమ నుంచి కుడికి ఊపితే తప్పు కుడివైపు పడుతుంది. కుడి నుంచి ఎడమకి ఊపితే ఎడమవైపు. రెండు వైపులా ఒకే వేగంతో ఊపి, మోత వచ్చిన రెండు చోట్లకీ మధ్యలో గుర్తు పెడితే అసలు చోటు దొరికేస్తుంది. అవసరానికి పనికొచ్చే చిట్కా ఇది, కానీ దినమంతా ఇలా చేసే ఓపిక ఎవరికుంటుంది?

అందుకే డిటెక్టర్ కంపెనీలు తమ సొంత రేడియో పద్ధతులు తయారుచేసుకున్నాయి. గారెట్ కంపెనీ సొంత పద్ధతి జెడ్-లింక్ (Z-Lynk)లో ఆలస్యం 17 మిల్లీసెకన్లు. అదే వేగానికి లెక్కవేస్తే 1.7 సెంటీమీటర్లు. చిన్న పార మొన పట్టే వెడల్పు కూడా కాదు, ఏ చెవీ పట్టుకోలేదు. కాబట్టి మెషిన్‌తో వచ్చిన హెడ్‌ఫోన్ వాడండి. అది అంత బాగా కనబడకపోవచ్చు, చెవులు చెమట పట్టొచ్చు. అయినా అదే వాడండి.

దృశ్యం: తెర మీద నేల కోత బొమ్మ. లోతు పెరిగేకొద్దీ గీతలు పలచబడతాయి.

ఇంత చిన్న బ్యాటరీ ఉంది కదా, లోతు తగ్గదా అని మీలో కొందరికి సందేహం వచ్చే ఉంటుంది. లెక్క చూద్దాం. నాణెంలాంటి చిన్న వస్తువు కాయిల్‌కి బాగా దూరంగా ఉన్నప్పుడు, కిందికి వెళ్లే క్షేత్రం దూరం ఘనానికి తగ్గట్టు బలహీనపడుతుంది. తిరిగొచ్చే జవాబు కూడా అంతే తగ్గుతుంది. రెండూ కలిపితే ఆరో ఘాతం. లోతు రెండింతలైతే సిగ్నల్ 64వ వంతుకి పడిపోతుంది.

దీన్నే తిరగేసి చూడండి. క్షేత్రం బలాన్ని రెండింతలు చేసినా లోతు పెరిగేది సుమారు 12 శాతం. అంటే పెద్ద బ్యాటరీ కట్టుకుని మోసినా, 20 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయే మెషిన్ 22 దాటి కాస్త ముందుకి వెళ్తుంది, అంతే. కాబట్టి వైర్‌లెస్ అయినందుకు లోతు పోతుందన్న భయం అక్కర్లేదు. లోతును తేల్చేది కాయిల్ సైజు, నేలలో ఉన్న ఉప్పు, ఇనుప ఖనిజం, మీ ఊపు వేగం. ఆ రేడియో గిగాహెర్ట్జ్‌లలో పనిచేస్తుంది, వెతికే క్షేత్రం కిలోహెర్ట్జ్‌లలో. ఒకదాని దారికి ఒకటి అడ్డు రాదు. కరెంటు తీగల కింద నిలబడితే మాత్రం వైరు ఉన్నా లేకపోయినా మెషిన్ గోల పెడుతుంది.

దృశ్యం: మూడు చార్జింగ్ కేబుళ్లు. ఒకటి కాయిల్‌కి, ఒకటి రిమోట్‌కి, ఒకటి హెడ్‌ఫోన్‌కి.

బ్యాటరీ అసలు బాధ లోతు కాదు, సంఖ్య. ఒకటి కాదు, మూడు. ఒకసారి రాత్రి జాగ్రత్తగా రిమోట్ పెట్టాను, హెడ్‌ఫోన్ పెట్టాను. కాయిల్ చార్జింగ్ మర్చిపోయాను. పొద్దున చాలాదూరం నడిచి వెళ్లి ఆన్ చేస్తే, రిమోట్ వెలిగింది, హెడ్‌ఫోన్ కిచ్‌మంది, కాయిల్ ఉలుకూ పలుకూ లేదు. పాత మెషిన్ అయితే జేబులోంచి నాలుగు పెన్సిల్ సెల్స్ తీసి వేసేవాడిని. ఇక్కడ పవర్‌బ్యాంక్ తగిలించి, చెట్టు కింద కూర్చుని, తెచ్చుకున్న నీళ్లు తాగేశాను. ఆ కాయిల్‌కి చార్జింగ్ పెట్టే క్లిప్పు ప్రత్యేకం. అది పోతే ఏ ఫోన్ చార్జరూ పనికిరాదు.

దీనికంటే పెద్ద విషయం వయసు. లిథియం బ్యాటరీ వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. వైరు ఉన్న కాయిల్‌కి పగుళ్లు రాకుండా చూసుకుంటే పదిహేనేళ్లు కూడా పనిచేస్తుంది, దానిలో చచ్చిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. వైర్‌లెస్ కాయిల్ అలా కాదు. బ్యాటరీని విప్పి మార్చుకునేలా ఉందా, లేక కాయిల్‌తో కలిపి సీల్ చేశారా? కొనేముందు నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. సీల్ చేసి ఉంటే, మీరు కొంటున్నది గడువు రాయని వస్తువు.

ప్రతి కాయిల్‌లోనూ సర్క్యూట్ ఉంటుంది కాబట్టి రెండో కాయిల్ కొనడం అంటే సగం మెషిన్ మళ్లీ కొన్నట్టే. వేరే కంపెనీల చవక కాయిల్స్ దొరకవు. వేర్వేరు నేలలకి వేర్వేరు కాయిల్స్ మార్చే అలవాటున్నవాళ్లకి ఇది గట్టి దెబ్బ.

దృశ్యం: మోకాలి లోతు నీళ్లు. నీళ్లలో మునిగిన కాయిల్.

నీళ్ల సంగతి చూద్దాం. ఆ రేడియో తరంగాలని నీళ్లు మింగేస్తాయి. కాయిల్ మునిగిన కొన్ని సెంటీమీటర్లకే సంబంధం తెగిపోతుంది. దీనికి విరుగుడు ఏమిటంటే, కాయిల్ నుంచి రిమోట్ దాకా రాడ్ వెంట యాంటెన్నా వైరు కట్టడం. అవును, వైర్‌లెస్‌కి వైరు! డియూస్ రెండో తరం మెషిన్ 20 మీటర్ల లోతు దాకా తట్టుకుంటుంది, కానీ నీళ్లలో దానికీ ఆ వైరు కావాల్సిందే. కాయిల్ ఒక్కటే వాటర్‌ప్రూఫ్, రిమోట్ కాదు అనే మోడళ్లూ ఉన్నాయి. కాలు జారితే అంతే సంగతులు. రాడ్ కీళ్లలో ఇసుక దూరితే, తేలికైన గొట్టం కరకరమంటూ ఊగుతుంది. ఎప్పుడూ ఒడ్డున, నీళ్లలోనే వెతికేవాళ్లు వైర్ ఉన్న మెషినే తీసుకోండి. నేల మీద రోజంతా నడిచేవాళ్లకి, భుజం నొప్పి ఉన్నవాళ్లకి, కొండలెక్కేవాళ్లకి వైర్‌లెస్. నెలకోసారి బయటికి తీసేవాళ్లకి నేను చెప్పను. అల్మారాలోనే బ్యాటరీ ముసలిదైపోతుంది.

దృశ్యం: సెకండ్‌హ్యాండ్ మెషిన్. చెయ్యి కాయిల్‌ని ఆన్ చేసి పక్కన పెడుతుంది. గోడ గడియారం.

వాడిన మెషిన్ కొంటుంటే ఒక్క పరీక్ష చేయండి. కాయిల్‌ని నిండా చార్జ్ చేయించి, ఆన్ చేసి పక్కన పెట్టండి. అమ్మేవాళ్లతో కబుర్లు చెబుతూ ఒక గంట గడపండి. ఆ గంటలో చార్జ్ గుర్తు ఎన్ని గీతలు తగ్గిందో చూసి, కంపెనీ చెప్పిన గంటలతో పోల్చండి. సగానికి సగం తేడా ఉంటే కాయిల్ ముసలిదైపోయిందని అర్థం. తర్వాత రిమోట్‌ని ఆ కాయిల్‌కి కొత్తగా జత చేయించి చూడండి. కొన్ని మెషిన్లలో కాయిల్ మీదున్న సీరియల్ నంబర్ రిమోట్‌లో కొట్టాల్సి వస్తుంది. ఆ నంబర్ స్టిక్కర్ గడ్డికి, రాళ్లకి రాసుకుని అరిగిపోయి ఉంటే, డబ్బులు ఇవ్వకముందే వాళ్లచేత నంబర్ రాయించుకోండి.