ఉద్యోగం వదిలి కెమెరా పట్టే ముందు

శ్రోతలకు నమస్కారం.

ఫొటోలు బాగా తీసేవాళ్లు మీ బంధువుల్లోనో స్నేహితుల్లోనో ఒకరు ఉండే ఉంటారు. పుట్టినరోజైనా తిరుపతి ప్రయాణమైనా కెమెరా వాళ్ల చేతిలోనే ఉంటుంది. చూసినవాళ్లంతా "ఇంత బాగా తీస్తున్నావు, ఇదే పనిగా పెట్టుకోకూడదా?" అంటారు. ఆ మాట విని ఉద్యోగం మానేద్దామా అని ఆలోచిస్తున్నవాళ్లతో ఈ పూట మాట్లాడాలని ఉంది.

ముందు పాతతరం ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ గారి సంగతి. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో చేరారు. 1870లలో సరదాగా కెమెరా పట్టారు. కొద్దికాలంలోనే పెద్దపెద్ద అధికారులూ సంస్థానాధీశులూ పిలిచి ఫొటోలు తీయించుకున్నారు. అంత పేరొచ్చినా నౌకరీ మాత్రం వెంటనే వదల్లేదు. ఏళ్ల తరబడి రెండూ నడిపారు, ముందు సెలవు పెట్టి చూశారు, ఆ తర్వాతే బయటికొచ్చారు. 1880లలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యి, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు.

ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చేది 1892లో హైదరాబాదులో తెరిచిన జనానా స్టూడియో. పరదా పాటించే స్త్రీలకూ ఫొటో దిగాలని ఉంటుంది, కానీ పరాయి మగవాడి ముందుకు రాలేరు. అందుకని వాళ్ల కోసం ఒక మహిళ ఆధ్వర్యంలో విడిగా స్టూడియో నడిపించారు. ఫొటో ఎవరికి కావాలి, వాళ్లకు అడ్డేమిటి అని అడగడం మొదలైతే వృత్తిలోకి అడుగు పెట్టినట్టే.

సరదాకి తీసేటప్పుడు వెలుతురు బాగా లేకపోతే కెమెరా సంచిలో పెట్టేయొచ్చు. పెళ్లిలో అలా కుదరదు. జీలకర్ర బెల్లం ఘట్టమే తీసుకోండి. ముహూర్తం అర్ధరాత్రి రెండింటికి. అడ్డుతెర పట్టుకుని ఇద్దరు, చుట్టూ ఫోన్లెత్తిన చుట్టాలు, వెనక రంగులు మారే ఎల్‌ఈడీ తెర. ఆ తెర వల్ల ముఖాలు నల్లబడతాయి, కెమెరా షటర్ తెరుచుకుని మూసుకునే వేగం పెంచితే ఫొటోలో చారలు పడొచ్చు. పెళ్లివారు కూర్చోకముందే మండపం దగ్గర రెండు ఫొటోలు తీసి చూసుకోవాలి. పంతులుగారిని కలిసి ఏది ఎప్పుడో కనుక్కోవాలి. ఒక మెమరీ కార్డు పాడైనా ఫొటోలు పోకుండా, ఒకేసారి రెండు కార్డుల్లోకి ఎక్కించే కెమెరా వాడాలి. తలంబ్రాలు ఎంతసేపైనా పోస్తారు గానీ, జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టమంటే పెట్టరు కదా!

రేటు దగ్గర కొత్తవాళ్లు బాగా నష్టపోతారు. పెళ్లి రోజు ఒక్కటే లెక్కేసుకుంటారు. అసిస్టెంటు కూలీ, ప్రయాణం, వారాల పాటు కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఎడిటింగ్, ఆల్బమ్ ప్రింటింగ్, ఏటా అరిగే కెమెరా, ఇవన్నీ కలిపితే గానీ అసలు ఖర్చు తేలదు. తెలిసినవాళ్లని మొహమాటపడి ఊరికే చేసిపెట్టడం కంటే, ఎంత తగ్గిస్తున్నారో చెప్పి తగ్గించడం మంచిది. అడ్వాన్సు తీసుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి ఒకరు తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవారే. పెళ్లికూతురి ఫొటోని మీ ప్రచారానికి వాడుకోవాలంటే ముందే అడిగి, ఒప్పందంలో రాసుకోండి. ఎన్ని ఫొటోలు, ఆల్బమ్ ఎప్పటికి, మిగతా డబ్బు ఎప్పుడు అన్నవీ ఆ కాగితం మీదే ఉండాలి. అయినవాళ్ల పెళ్లైతే ఈ కాగితం మరీ అవసరం.

ఇప్పుడే రాజీనామా రాయకండి. వచ్చే పెళ్లిళ్ల సీజన్‌లో అనుభవమున్న ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంటుగా చేరండి. లైట్లు మోయండి, అర్ధరాత్రి ముహూర్తాలు చూడండి, డబ్బు ఎలా అడుగుతున్నారో వినండి. సీజన్ అయ్యాక కూడా ఆ పని మీద ఇష్టం తగ్గకపోతే, అప్పుడు ఇంట్లోవాళ్లతో కూర్చుని లెక్కలు వేసుకోండి.

నమస్కారం.