కొనేవాళ్లు లేని రోజుల్లో కొన్నవాళ్లు: బొంబాయి ఆధునిక చిత్రకళ, దాని పోషకులు

(స్టూడియో చర్చా కార్యక్రమం పాఠం. పాల్గొన్నవారు: కళాచరిత్ర ఆచార్యులు, సీనియర్ చిత్రకారులు, హైదరాబాదులో గ్యాలరీ నడుపుతున్న నిర్వాహకురాలు.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఎం.ఎఫ్. హుసేన్ 1954లో గీసిన ‘గ్రామయాత్ర’ 2025 మార్చిలో న్యూయార్కు వేలంలో సుమారు 118 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయిందని మన పత్రికలన్నీ రాశాయి. దాన్ని గీసిన ఏడాదే కొన్న మనిషిని గురించి మాత్రం ఎక్కువమంది మాట్లాడుకోలేదు. ఛాతీ శస్త్రచికిత్సలో ఇక్కడి వైద్యులకు శిక్షణ ఇవ్వడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున ఢిల్లీకి వచ్చిన వొలొడార్‌స్కీ అనే వైద్యుడు దాన్ని కొని నార్వేకు తీసుకువెళ్లాడు, 1964లో ఓస్లోలోని ఆసుపత్రికి అప్పగించాడు. ఆచార్యులవారూ, మన ఆధునిక చిత్రకళకు తొలినాటి పోషకులు ఇలాంటివాళ్లేనా?

ఆచార్యులు: చాలావరకు ఇలాంటివాళ్లేనండీ. అంతకుముందు చిత్రకారుడికి అన్నం పెట్టింది సంస్థానాలు, జమీందారులు, తైలవర్ణంలో తమ రూపం రాయించుకునే సంపన్నులు. రవివర్మకు బరోడా గైక్వాడులు ఇచ్చిన పని అలాంటిదే. 1947 తరువాత సంస్థానాలు పోయాయి, కొత్త ప్రభుత్వం ఇంకా కళ వైపు చూడలేదు. జాతీయ ఆధునిక కళాశాల (నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ అనే ప్రభుత్వ చిత్రశాల) గాని, లలిత కళా అకాడమీ గాని 1954లోగాని రాలేదు. సరిగ్గా ఆ ఖాళీలోనే సూజా, రజా, హుసేన్, ఆరా, గాడే, బాక్రే కలిసి బొంబాయిలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టుకున్నారు. వాళ్ల బొమ్మలు రాజాస్థానానికి పనికొచ్చేవి కావు, పూజగదికీ పనికొచ్చేవి కావు. వాటిని అక్కున చేర్చుకున్నవాళ్లలో ముగ్గురు హిట్లర్ కాలంలో ఐరోపా వదిలి వచ్చినవాళ్లు. రుడాల్ఫ్ ఫాన్ లైడెన్ బెర్లిన్ నుంచి 1933లోనే వచ్చాడు. చదివింది భూగర్భ శాస్త్రం, చేసింది టైమ్స్ ఆఫ్ ఇండియాలో కళావిమర్శ. వాల్టర్ లాంగ్‌హామర్ వియన్నా చిత్రకారుడు, భార్య యూదు. ఆస్ట్రియాను నాజీలు కలిపేసుకున్నాక బొంబాయి చేరి అదే పత్రికలో ఆర్ట్ డైరెక్టర్ అయ్యాడు. మూడో వ్యక్తి ఇమ్మాన్యుయేల్ ష్లెసింగర్, ఆయనదీ వియన్నాయే, ఇక్కడ మందుల వ్యాపారం చేసేవాడు. వీళ్లలో ఎవరూ సంస్థానాధీశుల లాంటి శ్రీమంతులు కారు. ఒకరు రాశారు, ఒకరు నేర్పారు, ఒకరు కొన్నారు. ఒకే ఊళ్లో, ఒకే కాలంలో ఈ మూడూ కలిసి రావడం ఆ కుర్రవాళ్ల అదృష్టం.

చిత్రకారులు: ఈ మాట రాగానే నాకు ఆరా గుర్తుకొస్తాడండీ. ఆయనది మన సికింద్రాబాదు బొల్లారం, పుట్టింది 1914లో. చిన్నతనంలోనే ఇల్లు వదిలి బొంబాయి వెళ్లి ఇళ్లలో పనిచేశాడు, కార్లు కడిగాడు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లాడు. ఏ కళాశాలలోనూ చదవలేదు. ఆయన బొమ్మల్ని చూసి ఇతనిలో చిత్రకారుడు ఉన్నాడని గుర్తించింది లైడెన్, చెయ్యి పట్టుకు నడిపించింది లాంగ్‌హామర్. 1942లో ఆరా మొదటి ప్రదర్శన జరిగింది. తరువాత 1952లో బొంబాయి ఆర్ట్ సొసైటీ బంగారు పతకం కూడా వచ్చింది. కార్లు కడిగే మనిషి గీసిన కాగితాన్ని ఆగి చూడడం ఎంత పెద్ద పనో, ఆ స్థితిలో ఉన్నవాడికే తెలుస్తుంది. పోషణ అంటే నా దృష్టిలో మొదట అదే. డబ్బు సంగతి ఆ తరువాత.

వ్యాఖ్యాత: అయితే ఒక అనుమానం, గురువుగారూ. ఐరోపా నుంచి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు కాబట్టి మన చిత్రకారులు వాళ్లకు నచ్చేట్టుగా గీశారన్న విమర్శ ఉంది కదా?

చిత్రకారులు: ఆ విమర్శ నేను ఒప్పుకోను. 1948లో ఢిల్లీలో, ఇప్పటి రాష్ట్రపతి భవనంలో, భారతీయ ప్రాచీన కళా ప్రదర్శన జరిగింది. హుసేన్, సూజా కలిసి వెళ్లి చూశారు. అక్కడ చూసిన మథుర శిల్పాలు, బసోలీ సూక్ష్మచిత్రాలు తనను ఎంత మార్చాయో హుసేన్ జీవితమంతా చెబుతూ వచ్చాడు. ఆయన స్త్రీమూర్తుల నిలకడ మథుర నుంచి వచ్చింది, ఆ రంగులు బసోలీ లాంటి పహాడీ, అంటే హిమాలయ కొండప్రాంతపు, చిత్రాల నుంచి వచ్చాయి. అవి ఏ పోషకుడూ చెప్పి గీయించినవి కావు.

ఆచార్యులు: మీతో సగం ఏకీభవిస్తాను. లాంగ్‌హామర్ ఇంటికి వెళ్లిన యువకులు ఐరోపా చిత్రాల ముద్రిత ప్రతులను చూశారు, ఆయన రంగు పూసే తీరును చూశారు. రజా తొలినాటి ప్రకృతి దృశ్యాల్లో ఆ ఛాయ స్పష్టంగానే ఉంది. ప్రభావం పడిందనడంలో తప్పు లేదు. ఆజ్ఞ ఉన్నదా అన్నదే అసలు ప్రశ్న. రాజుగారి తైలవర్ణ చిత్రానికి ఆజ్ఞ ఉంటుంది, మీసం ఎలా ఉండాలో కూడా చెబుతారు. ఈ ముగ్గురిలో ఎవరూ ఫలానాది గీసి తెమ్మని అడిగినట్టు కనిపించదు. గీసినదాన్ని చూసి, మాట్లాడి, నచ్చితే తీసుకున్నారు. ఆధునిక చిత్రకళకు పోషకుడు ఉండగలిగే మర్యాదైన రూపం ఇదేనని నేను నమ్ముతాను.

వ్యాఖ్యాత: మేడమ్, కొనాలంటే ముందు చూపించే చోటు ఉండాలి కదా. గ్యాలరీలు అప్పటికి ఉన్నాయా?

నిర్వాహకురాలు: ఇప్పుడు మనం అంటున్న అర్థంలో లేవండీ. కేకూ గాంధీ 1941లో బొంబాయిలో చిత్రాలకు ఫ్రేములు కట్టే వ్యాపారం పెట్టారు, దాని పేరు కెమోల్డ్. ఆ దుకాణం అద్దాల వెనుక దేవుళ్ల పటాలు, కుటుంబ ఛాయాచిత్రాలు ఉండాల్సిన చోట ఆయన ఈ కుర్రవాళ్ల కాన్వాసులను పెట్టారు. ఫ్రేము కోసం వచ్చినవాళ్లు బొమ్మను కూడా చూసేవారు. నాలాంటివాళ్లం చేస్తున్న వృత్తి మన దేశంలో మొదలైన చోట్లలో ఆ దుకాణం అద్దం ఒకటి. 1952లో సర్ కావస్జీ జహంగీర్ ఇచ్చిన విరాళంతో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ వచ్చింది. హాలు అద్దెకు తీసుకుని ఎవరైనా తమ ప్రదర్శన పెట్టుకునే వీలు కలిగింది. 1963లో అదే భవనం పై అంతస్తులో కేకూ, ఖోర్షెద్ గాంధీ దంపతులు గ్యాలరీ కెమోల్డ్ తెరిచారు. బొమ్మ అమ్ముడుపోకపోయినా అదే చిత్రకారుడికి మళ్లీ ప్రదర్శన ఏర్పాటు చేయడం, కొన్నవాడి పేరు, తేదీ, ధర రాసి ఉంచడం గ్యాలరీ చేసే పోషణ. దాన్ని పోషణగా ఎవరూ లెక్కపెట్టరు గానీ, ఆ కాగితాలు లేకపోతే ఈనాడు ఆచార్యులవారికి చరిత్ర రాయడానికి ఆధారం ఉండదు.

ఆచార్యులు: నిజమే, మేము బతికేది మీ రశీదు పుస్తకాల మీదనే.

వ్యాఖ్యాత: ఆచార్యులవారూ, ఒక భౌతిక శాస్త్రవేత్త పేరు ఈ కథలో తరచూ వినిపిస్తుంది.

ఆచార్యులు: హోమీ భాభా. ఈ పేరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలని నా కోరిక. ఆయన స్వయంగా బొమ్మలు వేసేవాడు, ఆయన పెన్సిలుతో గీసిన సి.వి. రామన్ రూపచిత్రం ఉంది. 1945లో స్థాపించిన టాటా మౌలిక పరిశోధనా సంస్థ ఇంకా సొంత భవనానికి చేరకముందే, 1950ల తొలినాళ్లలోనే, దానికోసం చిత్రాలు కొనడం మొదలుపెట్టాడు. ఆ తరువాత భవన నిర్మాణ వ్యయంలో నూటికి ఒక వంతు కళకు వెచ్చించేందుకు నెహ్రూ ప్రభుత్వం నుంచి అనుమతి పొందాడు. పరమాణు పరిశోధనకు ఇచ్చిన డబ్బులో బొమ్మలకు వాటా అడగడం ఈ రోజున ఏ సంస్థ అధిపతికైనా సాధ్యమా అని ఆలోచించండి. జహంగీర్ గ్యాలరీలో ప్రదర్శన పెడితే ఆయన స్వయంగా వచ్చి చూసి ఎంచుకునేవాడు. గ్రిండ్లేస్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ బొమ్మలు వేసుకుంటున్న కృష్ణ్ ఖన్నా చిత్రాన్ని తొలుత కొన్నదీ భాభానే. కొలాబాలోని సంస్థ భవనం ముందుగది గోడకు చిత్రం కావాలని అనుకున్నప్పుడు కొందరు చిత్రకారులను నమూనాలు ఇమ్మని ఆహ్వానించి, వాటిలో హుసేన్ నమూనాను ఎంపిక చేశారు. 45 అడుగుల పొడవున ఆ చిత్రం ఈనాటికీ ఆ గోడ మీద ఉంది, దాని పేరు ‘భారత భాగ్య విధాత’. 1966 జనవరిలో విమాన ప్రమాదంలో భాభా చనిపోయాక సంస్థ డైరెక్టరుగా వచ్చిన ఎం.జి.కె. మీనన్ ఆ అలవాటును మానలేదు. ఒక మనిషి అభిరుచి సంస్థ నియమంగా నిలబడిన సందర్భాలు మన దేశంలో తక్కువ, అందుకే ఇంతగా చెబుతున్నాను.

చిత్రకారులు: ఎయిర్ ఇండియా కూడా ఉంది. 1956 నుంచి కొనడం మొదలుపెట్టింది, చిత్రకారిణి బి. ప్రభ చిత్రాలు దాని తొలి కొనుగోళ్లలోవి. విదేశాల్లోని తమ బుకింగ్ కార్యాలయాల గోడలకు ఆ చిత్రాలను పంపేవాళ్లు. 1967లో సాల్వడార్ డాలీ చేత బూడిద గిన్నె రూపకల్పన చేయించి, ప్రతిఫలంగా ఆయన కోరిన ఏనుగు పిల్లను బెంగుళూరు నుంచి స్పెయిన్‌కు విమానంలో పంపారు. ఆ ఏనుగు కథనే అందరూ చెబుతారు. అసలు మేలు జరిగింది మాత్రం ఏళ్ల తరబడి సాగిన మామూలు కొనుగోళ్ల వల్ల.

నేను మరొకటి కూడా చెప్పాలి. చిత్రకారుడికి గోడ కావాలి, వెలుతురు కావాలి, తోటివాళ్లు కావాలి. బొంబాయి వార్డెన్ రోడ్డులో భూలాభాయ్ దేశాయ్ స్మారక సంస్థ 1950లలో నామమాత్రపు అద్దెకు గదులు ఇచ్చింది. హుసేన్, గాయ్‌తోండే అక్కడే పనిచేశారు, రవిశంకర్ అక్కడే సితారు నేర్పారు, నాటక దర్శకుడు అల్కాజీ అక్కడే నాటకాలు ఆడించారు. ఒక గదిలో సితారు మోగుతుంటే పక్క గదిలో కాన్వాసు మీద పనిచేసే రోజులవి. ఒక చిత్రం కొంటే ఒక నెల గడుస్తుంది. ఒక గది ఇస్తే పదేళ్ల పని పుడుతుంది. 1961లో ఖన్నా బ్యాంకు ఉద్యోగం వదిలి బయటికి వచ్చిన రోజున హుసేన్, గాయ్‌తోండే, బాల్ ఛాబ్డా ఆయన కోసం బయట ఎదురుచూశారట. అలాంటి తోడును ఏ పథకంతోనూ పుట్టించలేము. అది పుట్టడానికి ఒక చోటును మాత్రం ఇవ్వగలం.

వ్యాఖ్యాత: ఒకే వ్యక్తి మీద పూర్తిగా ఆధారపడితే ఏమవుతుంది?

ఆచార్యులు: దానికి సూజా జీవితమే ఉదాహరణ. 1949లో లండన్ వెళ్లి కొన్నేళ్లు తిండికి కూడా కష్టపడ్డాడు. 1956లో హెరాల్డ్ కోవ్‌నర్ అనే అమెరికన్ సంపన్నుడు కలిసి, క్రమంగా డబ్బు పంపుతాను, చిత్రాలు ఇవ్వమన్నాడు. నాలుగేళ్లు అలా సాగింది. ఏది గీయాలో కోవ్‌నర్ చెప్పలేదు, సూజా మంచి చిత్రాల్లో ఎన్నో ఆ కాలానివే. ఆ ఏర్పాటు ముగిశాక మళ్లీ అనిశ్చితి మొదలైంది. అదే బొంబాయిలో ఒక సంస్థ, ఒక గ్యాలరీ, పదిమంది కొనుగోలుదారులు ఉన్నచోట ఒకరు తప్పుకున్నా మిగతావాళ్లు ఆసరాగా నిలబడ్డారు.

వ్యాఖ్యాత: మన తెలుగు ప్రాంతంలో అలాంటి ఆసరా ఉందా, మేడమ్?

నిర్వాహకురాలు: వ్యక్తులు ఉన్నారండీ, వాళ్లను ఒక చోట చేర్చిన ఊరు మాత్రం లేదు. రాజమండ్రిలో కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్‌డ్రే దామెర్ల రామారావు ప్రతిభను గుర్తించి బొంబాయి జేజే చిత్రకళా పాఠశాలకు పంపాడు, అడివి బాపిరాజుకు గురువైనదీ ఆయనే. రామారావు 1925లో ముప్ఫై ఏళ్లయినా నిండకుండా పోయాడు. హైదరాబాదులో బద్రీవిశాల్ పిట్టీ ఉన్నారు. ‘కల్పన’ హిందీ పత్రికను నడిపిన ఆ సోషలిస్టు, హుసేన్‌ను తన ఇంటివాడిగా చూసుకున్నారు. సామాన్యుడికి తెలిసిన కథను గీయవయ్యా అని సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా అనగా, హుసేన్ రామాయణ చిత్రాలను పిట్టీ ఆశ్రయంలోనే గీశారు. వాటిని కొనడానికి ఆ కాలంలో సంపన్నులెవరూ పోటీపడలేదు.

చిత్రకారులు: పి.టి. రెడ్డిగారిని మరచిపోకండి. కరీంనగర్ జిల్లా మనిషి, జేజేలో చదివి 1941లోనే బొంబాయిలో కొత్త చిత్రకారుల బృందంలో ఉన్నారు, అంటే ప్రోగ్రెసివ్‌లకు ఆరేళ్లు ముందు. ఆయన హైదరాబాదు తిరిగివచ్చి చాలాకాలం ఫర్నిచర్ పని చూసుకున్నారు, కుంచె దాదాపు పక్కన పెట్టారు. అదే కాలంలో బొంబాయిలో ఉండి ఉంటే ఒక భాభా, ఒక ష్లెసింగర్ తలుపు తట్టి ఉండేవారేమోనని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తరువాత మళ్లీ గీశారు, బాగా గీశారు, తంత్రశాస్త్ర సంకేతాలతో వేసిన తాంత్రిక చిత్రాలతో పేరు తెచ్చుకున్నారు. మధ్యలో పోయిన సంవత్సరాలు పోయినవే.

వ్యాఖ్యాత: చివరగా, ఈ సంపదంతా ఇప్పుడు ఎక్కడుంది, జనం చూడగలుగుతున్నారా?

నిర్వాహకురాలు: భాభా పెట్టిన టాటా పరిశోధనా సంస్థ గోడల మీద ఉన్న చిత్రాలను అక్కడి శాస్త్రవేత్తలు రోజూ చూస్తారు. రక్షణ నిబంధనల వల్ల బయటివాళ్లు అనుమతి తీసుకుని వెళ్లాలి. ఎయిర్ ఇండియాను ప్రభుత్వం అమ్మాక దాని కళాసంపదను జాతీయ ఆధునిక కళాశాలకు అప్పగించారు. అది మంచి నిర్ణయం, వేలానికి పోకుండా ప్రజల సొత్తుగానే మిగిలింది.

చిత్రకారులు: మిగిలింది సరే, జాతీయ ఆధునిక కళాశాల ఢిల్లీ, ముంబయి, బెంగుళూరుల్లో ఉంది. హైదరాబాదులో లేదు, విశాఖపట్నంలో లేదు, విజయవాడలో లేదు. బొల్లారం కుర్రవాడు ఆరా గీసిన నిశ్చల చిత్రాన్ని బొల్లారం పిల్లలు చూడాలంటే రైలెక్కాలి. ప్రజల డబ్బుతో కొన్న ఆ చిత్రాల్లోంచి వందో, యాభయ్యో ఎంచి ప్రతి ఏటా మన రెండు రాష్ట్రాల ఊళ్లకు ప్రదర్శనకు పంపాలని, వాటికి తగిన వెలుతురు, కాపలా ఉన్న హాలును ఆయా ప్రభుత్వాలు ఇవ్వాలని ఈ వేదిక నుంచి అడుగుతున్నాను.

ఆచార్యులు: ఆ విన్నపం మీద నేనూ సంతకం చేస్తానండీ. ఎంపిక జాబితా తయారుచేసే పని మా విభాగం తీసుకుంటుంది.