అప్పు ఎవరికి అచ్చొచ్చింది?

పొదుపు గ్రూపుల సమాఖ్య అక్కచెల్లెళ్లకు, వెలుగు సిబ్బందికి, వెనక వరసల్లో సర్దుకుని కూర్చున్న ఎకనామిక్స్ విద్యార్థులకు నమస్కారం.

ప్రభుత్వం ఒక పథకం పెట్టేముందు ఆర్థిక సాక్ష్యాన్ని ఎలా చూడాలో చెప్పమన్నారు. నెల్లూరులో ఆ మాట ఎత్తితే పొదుపు దగ్గరే మొదలుపెట్టాలి. అక్షరాస్యత తరగతుల్లో రాజుకుని, కలిగిరి మండలం దూబగుంట పేరుతో లోకానికి తెలిసిన సారా వ్యతిరేక పోరాటం, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం తెచ్చింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి పక్కన పెడదామని పొదుపులక్ష్మి గ్రూపులు వచ్చాయి. తర్వాత పేదరికం తగ్గించడానికి ప్రభుత్వం పెట్టిన వెలుగు, గ్రూపులకు బ్యాంకు అప్పులిప్పించే లింకేజీ, వాటి పక్కనే పేదలకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలు.

అప్పటి నుంచి మనకు రెండు ఫొటోలు చూపిస్తున్నారు. ఒకదాంట్లో లోన్ తీసుకుని టిఫిన్ అంగడి పెట్టి, కొడుకుని ఇంజనీరింగ్ చదివించిన ఆమె. రెండోదాంట్లో కిస్తీ కట్టలేక ఊరు విడిచిన కుటుంబం. రెండూ నిజమే. అయితే ఫొటోలు చూసి బడ్జెట్ వేయలేం కదా.

పోనీ, అప్పు తీసుకున్నవాళ్లనూ తీసుకోనివాళ్లనూ పోల్చి చూద్దామంటారా? ధైర్యం చేసి అప్పు తెచ్చుకునే మనిషి అసలే చురుకైనది. అప్పు లేకపోయినా ఏదో ఒకటి చేసుకునేదే. ఆ తేడా అప్పు ఖాతాలో రాస్తే లెక్క తప్పుతుంది. అందుకే ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో 52 చోట్ల ముందుగా మైక్రోఫైనాన్స్ బ్రాంచీలు తెరిపించింది. ఏడాది దాటాక చూస్తే, అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు దాన్ని పెంచుకున్నారు. ఇంట్లోకి వస్తువులు కొన్నారు, పొగాకు, తాగుడు లాంటి ఖర్చులు తగ్గించారు. కానీ మొత్తమ్మీద ఇంటి ఖర్చు పెద్దగా పెరగలేదు. పిల్లల చదువులో, ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

అది హైదరాబాద్ సంగతి, మా వింజమూరుకు ఏం వర్తిస్తుంది అని మీరు అడగాలి. సిస్టమాటిక్ రివ్యూ అవసరమయ్యేది అక్కడే. ఏం వెతకాలో, ఏ అధ్యయనాన్ని తీసుకోవాలో ముందే రాసిపెట్టుకుని, నచ్చిన ఫలితాలూ నచ్చనివీ అన్నీ పోగుచేసి తూకం వేయడం. నాకు నచ్చిన నాలుగు వ్యాసాలు ఏరుకొచ్చి చదివితే అది రివ్యూ కాదు, వకాల్తా. బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకోల్లో జరిగిన ఇలాంటి ప్రయోగాలు హైదరాబాద్‌తో కలిపి 2015లో ఒకేచోట అచ్చయ్యాయి. అప్పు బతుకులను మార్చేస్తుందన్న మాట ఆరింట్లోనూ నిలబడలేదు. ఆ లెక్కలన్నీ కలిపి చేసిన విశ్లేషణలో తేలింది ఏమిటంటే, సగటు మీద లాభం దాదాపు లేదు, ఉన్న లాభం ముందే వ్యాపారం చేస్తున్న కొద్దిమందికి దక్కింది.

సమాఖ్య అక్కలు నిరాశపడకండి. మీ గ్రూపుల మీద వేరే రివ్యూ ఉంది. ఇలాంటి రివ్యూలు అచ్చువేసే క్యాంప్‌బెల్ సంస్థ 2015లో ప్రచురించిన ఆ సమీక్షలో గ్రూపుల వల్ల ఆడవాళ్లకు డబ్బు మీద, ఊరి వ్యవహారాల మీద పట్టు పెరిగిందని వచ్చింది. శిక్షణ కూడా ఇచ్చినచోట ఫలితం బాగుంది. మరీ పేదవాళ్లు మాత్రం గ్రూపుల్లోకి అంతగా రాలేకపోయారు. ఈ మాట మనకు తెలియనిది కాదు, ఒప్పుకోవడమే కష్టం.

మరి అప్పుతో పెద్ద లాభం లేకపోతే కంపెనీలను మూసేస్తే సరిపోతుందా? 2010 అక్టోబరులో మన రాష్ట్రం మైక్రోఫైనాన్స్ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చాక ఇక్కడ వసూళ్లు ఆగిపోయాయి. దెబ్బతిన్న కంపెనీలు వేరే రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించుకున్నాయి. ఆర్థికవేత్తలు ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అలా అప్పులు తగ్గిన జిల్లాలను పరిశీలిస్తే అక్కడ కూలి రేట్లు పడిపోయాయి. అంటే అప్పు తీసుకోని కూలీలకూ దెబ్బ తగిలింది. ఒక్కో ఇంటిని చూసి వేసిన లెక్కకు ఇది అందదు. అలాగని వేధింపుల మీద చట్టం వద్దని నేను అనను. ఒక్కసారిగా అంతా ఆపేస్తే ఎవరి మీద పడుతుందో కూడా ముందే చూడాలంటున్నాను.

ఇక ఖర్చు. ఇన్ని అధ్యయనాల్లో చాలావాటికి ఫలితం ఎంతో తెలుసు, దానికి ఎంత ఖర్చయిందో రాయరు. సున్నా వడ్డీకి పెట్టే రూపాయి, శిక్షణకు పెట్టే రూపాయి, రెండింట్లో ఏది ఎక్కువ పనిచేస్తుందో చెప్పాలంటే ఆ లెక్క కావాలి. అది మీ ఆఫీసు రిజిస్టర్లలోనే ఉంది.

ఏ కొత్త పథకమూ అన్ని మండలాలకూ ఒకేసారి రాదు. ముందు ఏ ఊళ్లకన్నది ఎవరో ఒకరి సిఫారసుతో తేలుతుంది, ఎవరి సిఫారసో నేను చెప్పను. ఆ జాబితాను ఈసారి లాటరీలా చీటీలు తీసి తయారుచేయండి. ఏడాది తర్వాత పోల్చడానికి రెండు వరసల ఊళ్లు దొరుకుతాయి. విద్యార్థులు గ్రామ సంఘం అనుమతి తీసుకుని, అప్పు పుస్తకాలు చూసి, ముందే వ్యాపారం ఉన్నవాళ్లను, లేనివాళ్లను విడిగా రాసుకు రండి.

ప్రశ్నలు ముందు సమాఖ్య సభ్యులు అడగాలి. కిస్తీలు కట్టేది వాళ్లే.