వజ్రానికి చప్పుడు పెట్టినవాళ్లు

అందరికీ నమస్కారం.

మిలమిల, తళతళ, ధగధగ. ఇవి చెవికి చప్పుళ్లలా వినిపిస్తాయి, కానీ చెప్పేది కంటికి కనిపించే వెలుగు గురించి. ఇంగ్లీషులో ఇలాంటి మాటలు తక్కువ. 1999లో న్యూ ఆర్లీన్స్ కుర్రాళ్లు దానికి అలాంటి మాట ఒకటి ఇచ్చారు. బీజీ అనే ర్యాపర్ పాటకి పల్లవి 'బ్లింగ్ బ్లింగ్'. ఆ పల్లవి అందుకున్న లిల్ వేన్‌కి అప్పుడు 16 ఏళ్లు. వజ్రం మీద వెలుతురు పడితే వచ్చే చప్పుడట అది! వెలుతురుకి చప్పుడేమిటని తెలుగువాళ్లం అడగం. మన అమ్మమ్మలు గిన్నెలు తళతళలాడేలా తోమినవాళ్లే కదా.

నాలుగేళ్లు తిరిగేసరికి ఆ మాట ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది. దానిమీద హక్కు రాయించుకుని ఉంటే బాగుండేదని బీజీ తర్వాత అన్నాడు. ఆ మాట చదివినప్పుడు నాకు బాధేసింది. స్లాంగ్ అంటే చదువురానివాళ్ల భాష అని తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ అక్కడే. మాట పుట్టించినవాడికి చిల్లిగవ్వ రాదు, నిఘంటువుకి మాత్రం కొత్త పదం వస్తుంది.

అసలు ర్యాప్ పాటలు, డాన్సులు కలిసిన ఈ హిప్-హాప్ సంస్కృతి మొదలైందే ఒక చిన్న పార్టీలో. 1973 ఆగస్టు 11న, న్యూయార్క్ బ్రాంక్స్‌లోని 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్‌లో, సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడికి కొత్త బట్టలు కొనుక్కోవడానికి పార్టీ పెట్టింది. టికెట్ ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50. రికార్డులు తిప్పింది ఆమె అన్న, డీజే కూల్ హెర్క్. పాటలో గొంతు ఆగి డప్పు ఒక్కటే మోగే ముక్కని 'బ్రేక్' అంటారు. అతను ఆ ముక్కనే సాగదీసి వాయించేవాడు, దానికి ఆడేవాళ్లు బీ-బాయ్స్. మన దగ్గర కూడా బ్రేక్ డాన్స్ అన్నాం. ఒళ్లు విరుచుకుంటూ ఆడతారు కాబట్టి ఆ పేరనుకుని పెరిగాన్నేను. కాదు, అది డప్పు దగ్గర పుట్టిన పేరు.

ఇక సెలబ్రిటీ పార్టీల సంగతి. ఒకప్పుడు ర్యాపర్ల పాటల్లోనూ టేబుళ్ల మీదా క్రిస్టల్ షాంపేనే, ముద్దుగా 'క్రిస్'. 2006లో ఆ కంపెనీ పెద్దని ఒక పత్రిక అడిగింది, ర్యాపర్లతో ముడిపడటం మీ పేరుకి చెరుపు కాదా అని. కొనొద్దని ఎవరికీ చెప్పలేం కదా అన్నట్టు ఆయన జవాబిచ్చాడు. ఉచితంగా అంత పేరు తెచ్చిపెట్టినవాళ్లకి దక్కిన మర్యాద అది. జే-జీ అనే ర్యాపర్ ఊరుకోలేదు. తాను తాగనన్నాడు, తన క్లబ్బుల్లోంచి తీసేయించాడు. 2014లో ఆర్మాండ్ డి బ్రిన్యాక్ అనే మరో షాంపేన్ బ్రాండునే కొనేశాడు. ఆ సీసా మీద ఇస్పేటు ఆసు గుర్తుంటుంది. నోరు తిరగని ఆ ఫ్రెంచి పేరుతో పార్టీల్లో పనిలేదు, 'ఏస్' అంటే చాలు, సీసా టేబుల్ మీదికి వస్తుంది.