మినియేచర్ మీద రత్నం మెరవాలంటే వెలుగు కింద, చీకటి పైన

అందరికీ నమస్కారం. ఇవాళ మినియేచర్ల మీద, అంటే ఆటల్లో వాడే చిన్న బొమ్మల మీద, రంగులతో రత్నాలు వేద్దాం. కెంపు, పచ్చ, నీలం ఏదైనా పద్ధతి ఒక్కటే. అది చేతికి వచ్చిందంటే హెల్మెట్ కళ్ళద్దాలు, పోషన్ (మాయ మందు) సీసాలు కూడా వచ్చేసినట్టే. ఇప్పుడిప్పుడే బ్రష్ పట్టినవాళ్ళ కోసమే ఈ వీడియో. రంగులు ఒకదానిలోకొకటి కలిపే బ్లెండింగ్ రాకపోయినా పరవాలేదు, చేయి కాస్త వణికినా పరవాలేదు.

నా చేతిలో ఉన్నది వార్‌హ్యామర్ 40,000 ఆటలో ఆల్దారీ అనే జాతికి చెందిన గార్డియన్ యోధుడి బొమ్మ. క్లోజప్‌లో చూడండి, ఛాతీ మధ్యలో గుడ్డు ఆకారంలో ఒక రాయి ఉంది. ఆల్దారీల కథలో ఇది నగ కాదు. యోధుడు చనిపోతే అతని ఆత్మ స్లానెష్ అనే దుష్టశక్తి పాలబడకుండా ఈ రాయిలోకి చేరుతుంది. అందుకే దీన్ని ఒట్టి ఎర్రచుక్కగా వదిలేయడం నాకు ఇష్టం ఉండదు. లోపల ఏదో ఉన్నట్టు కనిపించాలి. మనం వాడేది మామూలు ఎర్ర రంగే కాబట్టి, ఆ లోతంతా వెలుగు నీడలతోనే తేవాలి.

బ్రష్ పట్టేముందు రెండు నిమిషాలు వెలుగు సంగతి చూద్దాం. ఇది అర్థమైతే స్టెప్పులు గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

ఇంట్లో గాజు గోళీ ఉంటే తీసుకోండి. తెల్ల కాగితం మీద పెట్టి, గదిలో లైట్లు ఆపి, ఫోన్ టార్చ్ ఎడమవైపు పైనుంచి కొట్టండి. ఇదిగో, ఇలా. టార్చ్ ఉన్న వైపు గోళీ మీద చిన్న తెల్ల చుక్క కనిపిస్తోంది కదా? అది టార్చ్ ప్రతిబింబం. ఇప్పుడు గోళీ అవతలి వైపు, అంటే కుడివైపు కింద చూడండి. అక్కడ లోపలంతా వెలుగు. ఇంకా అవతల కాగితం మీద, గోళీ నీడ మధ్యలోనే, ఒక వెలుగు మచ్చ పడింది.

గాజు మీద వెలుగు నేరుగా పడితే వంద వంతుల్లో దాదాపు 4 వంతులే వెనక్కి వస్తాయి. మిగతాది లోపలికి పోతుంది. గుండ్రటి ఉపరితలం లెన్సులా పనిచేసి ఆ కిరణాలను వంచి, అవతలి వైపుకు చేరుస్తుంది. గోడకో గుడ్డకో వెలుగు తగిలితే అన్ని దిక్కులకూ చెదురుతుంది కాబట్టి వెలుగు పడిన వైపే మనకు ప్రకాశంగా కనిపిస్తుంది. గాజులో వెలుగు ఆగదు, దాటిపోతుంది. అందుకే వెలుగు లోపలికి వెళ్ళిన వైపు చీకటిగానూ, చేరిన వైపు కాంతిగానూ ఉంటుంది.

కవచం, బట్టలు, ముఖం వేసేటప్పుడు పైన లేత రంగు, కింద ముదురు రంగు వేస్తాం. రత్నానికి అది తిరగబడుతుంది. పైన ముదురు, కింద లేత, ఆ ముదురు రంగు మధ్యలో ఒక తెల్ల చుక్క. ఈ వీడియోలో ఇంకేం గుర్తులేకపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే మీ రత్నం రత్నంలాగే కనిపిస్తుంది.

ఇంట్లో కూచిపూడి నేర్చుకునేవాళ్ళు ఉంటే వాళ్ళ కెంపుల నగలు ఒకసారి అడిగి చూడండి. అందులో రాళ్ళు పలకలు తీయకుండా నున్నగా, ఉబ్బెత్తుగా ఉంటాయి. మన మినియేచర్ మీద రాయిదీ అదే ఆకారం. ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ తిప్పుతూ తెల్ల మెరుపు ఎక్కడుందో, ఎరుపు ఎక్కడ చిక్కబడిందో, ఎక్కడ నారింజకు తిరిగిందో చూడండి. ఏ ట్యుటోరియల్ కన్నా అది మంచి పాఠం.

సరే, సామాను. బ్రష్ విషయంలో చాలామంది పొరపడేది ఇక్కడే. రాయి చిన్నది కదా అని మూడు సున్నాల బ్రష్ కొంటారు. దానికి ఉన్న నాలుగు వెంట్రుకల్లో రంగు నిలవదు. పాలెట్ నుంచి బొమ్మ దగ్గరికి తెచ్చేలోపే ఆరిపోతుంది. 1 నంబరో 0 నంబరో తీసుకోండి, మొన మాత్రం సూదిగా ఉండాలి. పొట్టలో రంగు నిలుస్తుంది, మొన పని చేస్తుంది. దుకాణంలో కొనేటప్పుడు కుదిరితే నీళ్ళలో ముంచి మొన చూసుకునే తీసుకోండి.

ఇంకో మాట, మన ఊళ్ళలో వేసవికి ఇది తప్పదు. టేబుల్ మీద సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే అక్రిలిక్ రంగు బ్రష్ మీదే గట్టిపడుతుంది. ఈ పది నిమిషాలు ఫ్యాన్ ఆపండి, లేదా పక్కకు జరిగి కూర్చోండి. రంగును తడిగా ఉంచే వెట్ పాలెట్ ఉంటే ఇంకా మంచిది. కొననక్కర్లేదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి టిష్యూలు పరిచి, పైన బేకింగ్‌కి వాడే పార్చ్‌మెంట్ పేపర్ వేస్తే చాలు. రంగు గంటల తరబడి తడిగా ఉంటుంది.

రంగులు నేను సిటడెల్ కంపెనీవి వాడుతున్నాను. అబాడన్ బ్లాక్, ఖోర్న్ రెడ్, మెఫిస్టన్ రెడ్, ఈవిల్ సన్జ్ స్కార్లెట్, వైల్డ్ రైడర్ రెడ్, చివరికి తెలుపు. వయెహో అయినా, ఆర్మీ పెయింటర్ అయినా, మీ దగ్గర ఉన్నవి వాడుకోండి. కావాల్సింది నలుపు, ముదురు ఎరుపు, మామూలు ఎరుపు, నారింజ కలిసిన ఎరుపు, తెలుపు. ఇంతే.

మొదలుపెడదాం. బొమ్మ మిగతా పెయింటింగ్ అంతా అయిపోయాకే రత్నానికి వస్తున్నాను. ముందే వేస్తే పక్కన బంగారు అంచు వేసేటప్పుడు దాని మీద రంగు తగులుతుంది.

ముందుగా ఖోర్న్ రెడ్‌లో కొంచెం నలుపు కలిపి రాయి మొత్తం నింపుతున్నాను. రంగు పల్చటి మజ్జిగలా ఉండాలి. బ్రష్ ముంచగానే నేరుగా బొమ్మకు ఆనించకండి. ముందు టిష్యూ మీద ఒకసారి తాకించండి, అదనపు తడి పోతుంది. లేకపోతే రంగు రాయి చుట్టూ ఉన్న గాడిలోకి పారిపోతుంది. అంచుల దగ్గర ఆ గాడి నల్లగానే ఉండనివ్వండి. రాయికీ బంగారానికీ మధ్య ఆ సన్నని నల్ల గీత ఉంటేనే రెండూ విడివిడిగా కనిపిస్తాయి. పూర్తిగా ఆరనివ్వండి.

ఇప్పుడు రాయిని గడియారం అనుకోండి. వెలుగు పది అంకె వైపు నుంచి వస్తోందని నిర్ణయించుకున్నాను. అంటే కాంతి చేరేది నాలుగు అంకె దగ్గర. ఇక మనం వేసే ప్రతి రంగూ నాలుగు వైపు ఒదుగుతూ, పదికి దూరంగా జరుగుతూ ఉండాలి.

మెఫిస్టన్ రెడ్ తీసుకుని కింద కుడివైపు మూడింట రెండు వంతులు నింపుతున్నాను. పైన ఎడమ మూలలో మాత్రం ముదురు రంగు మిగలాలి. రెండు రంగులు కలిసే చోట గీత కొట్టినట్టు కనిపిస్తోందని టెన్షన్ పడకండి. రెండు మిల్లీమీటర్ల రాయి మీద, చేయి చాచినంత దూరం నుంచి చూస్తే కళ్ళే కలిపేసుకుంటాయి.

తర్వాత ఈవిల్ సన్జ్ స్కార్లెట్. ఇది సగానికి తక్కువ, నెలవంక ఆకారంలో, మూడు నుంచి ఆరు దాకా. బ్రష్ మొనను పైనుంచి కిందికి లాగుతున్నాను చూడండి. బ్రష్ ఎత్తిన చోటే రంగు ఎక్కువ చేరుతుంది. అందుకే లాగడం ముదురు వైపు మొదలుపెట్టి వెలుగు వైపు ముగించాలి.

ఆ పైన వైల్డ్ రైడర్ రెడ్. ఇంకా సన్న నెలవంక, అంచుకు ఆనుకుని. కావాలంటే అందులో కాస్త నారింజ కలిపి నాలుగు అంకె దగ్గర ఒక చిన్న గీత పెట్టండి. ఎరుపును లేత చేయడానికి తెలుపు కలపకండి. గులాబీ రంగు వస్తుంది, కెంపు చల్లారిపోతుంది. నారింజ వైపు వెళ్తే లోపల నిప్పు ఉన్నట్టు ఉంటుంది. పచ్చ రాయికైతే ఆకుపచ్చను పసుపు వైపు తీసుకెళ్ళండి. కాలిబన్ గ్రీన్, వార్ప్‌స్టోన్ గ్లో, మూట్ గ్రీన్ వరుస బాగుంటుంది. నీలానికి లేత ఆకాశనీలం దాకా వెళ్ళొచ్చు, అక్కడ కాస్త తెలుపు కలిసినా నష్టం లేదు.

ఇప్పుడు తెల్ల చుక్క. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం ఇదే. అంతవరకూ గీతల ఎరుపుగా ఉన్నది ఒక్కసారిగా తడి తడిగా మారుతుంది. ఊపిరి బిగబట్టకండి, మెల్లగా వదులుతూ పెట్టండి. రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి, మోచేతులు టేబుల్ మీద పెట్టండి. అప్పుడు చేతులు రెండూ కలిసే కదులుతాయి కాబట్టి వణుకు లెక్కలోకి రాదు.

తెలుపు ముందు పాలెట్ మీద చుక్క పెట్టి చూసుకోండి. మొన మీద ఆరిపోయి ఉంటే ఏమీ అంటదు, నీళ్ళు ఎక్కువైతే వలయంలా వ్యాపిస్తుంది. రెండూ కాకుండా శుభ్రంగా గుండ్రంగా పడ్డాకే బొమ్మ దగ్గరికి రండి. పది అంకె దగ్గర, ముదురు రంగు మధ్యలో, అంచుకు తగలకుండా ఒక్కసారి తాకించి తీసేయండి. అనుకున్న దానికన్నా చిన్నగా పెట్టండి. చుట్టూ చీకటి ఉంటేనే చుక్క మెరుస్తుంది.

చుక్క పెద్దదైతే తుడవకండి. ఆరనిచ్చి, మొదట వేసిన ముదురు రంగుతోనే చుట్టూ కోసుకుంటూ రండి. తెల్ల చుక్కను చిన్నది చేయడం ఎప్పుడూ ముదురు రంగు పనే.

బొమ్మ మీద రాళ్ళు ఇంకా ఉంటే, అన్నిటికీ వెలుగు ఒకే దిక్కు నుంచి రావాలి. తల పక్కకు తిరిగి ఉన్నా, కత్తి తలకిందులుగా ఉన్నా చుక్క పైన ఎడమవైపే. బొమ్మ ఎటు తిరిగినా గదిలో దీపం కదలదు కదా.

మనసుంటే ఇంకొక్క పని. గోళీ కింద కాగితం మీద వెలుగు మచ్చ పడింది గుర్తుందా? రాయి కింద కుడివైపు బంగారు అంచు మీద, బాగా నీళ్ళు కలిపిన ఎరుపును పల్చగా ఒక్క పొర వేయండి. రాయి దాటి వచ్చిన వెలుగు అక్కడ పడినట్టు ఉంటుంది. చూసేవాళ్ళు దీన్ని విడిగా గమనించరు, కానీ రాయి బంగారంలో కూర్చున్నట్టు అనిపించేది దీనివల్లే.

హెల్మెట్ కళ్ళద్దాలకు ఇదే లెక్క. ఒక మూల ముదురు, ఎదురు మూల లేత, ముదురు మూలలో చుక్క. పోషన్ సీసాకు కింద లేత, పైకి పోతూ ముదురు. ద్రవం పైమట్టం దగ్గర ఒక సన్నని లేత గీత, పక్కన గాజు మీద నిలువుగా ఒక తెల్ల గీత చాలు. పలకలు తీసిన రాయైతే మాత్రం రంగులు కలపకండి. ఒక్కో పలకకూ ఒక్కో ఛాయ, పక్కపక్క పలకలు ఒకే ఛాయలో లేకుండా వేసి, పలకలు కలిసే అంచుల మీద లేత గీత లాగండి.

చాలామంది అడిగే ఇంకో దారి ఉంది. వెండి రంగు వేసి, దాని మీద పారదర్శకమైన రంగు పోయడం. సిటడెల్‌లో స్పిరిట్‌స్టోన్ రెడ్, వేస్టోన్ గ్రీన్, సోల్‌స్టోన్ బ్లూ అని ఇందుకోసమే ఉన్నాయి. టమియాలో క్లియర్ రెడ్ ఎక్స్-27 చాలా బాగుంటుంది. యాభై బొమ్మల సైన్యం త్వరగా పూర్తవ్వాలంటే ఇదే మంచిది, పెద్ద రాళ్ళ మీద అందంగానే ఉంటుంది. చిన్న రాళ్ళ మీద మాత్రం చేత్తో వేసిన వెలుగే నాకు నచ్చుతుంది, ఎందుకంటే అక్కడ నిజమైన వెలుగు ఆడుకోవడానికి చోటు చాలదు. టమియా క్లియర్ వాడితే పాత బ్రష్‌తో వాడండి, టమియా థిన్నర్‌తో కడగండి, కిటికీ తెరిచి ఉంచండి. వేసిన చోట ఆరకముందు మళ్ళీ బ్రష్ పెట్టొద్దు, కింది పొర లేచి వస్తుంది.

చివరగా వార్నిష్. బొమ్మ మొత్తానికి మెరుపు లేని మ్యాట్ వార్నిష్ ముందు కొట్టండి. రత్నం మెరుపు కూడా దాంతో చచ్చిపోతుంది, కంగారు పడకండి. అది బాగా ఆరాక ఆర్డ్‌కోట్ లాంటి మెరుపునిచ్చే (గ్లాసీ) వార్నిష్‌ను బ్రష్‌తో రాయి మీద మాత్రమే, బంగారు అంచుకు తగలకుండా వేయండి. బుడగలు రాకుండా డబ్బాను కుదపకుండా మెల్లగా కలపండి. ఒక పొర ఆరాక రెండోది. వానాకాలంలో గాలిలో తేమ బాగా ఉన్న రోజు మ్యాట్ స్ప్రే కొట్టకండి, బొమ్మ మీద తెల్లటి మసక పడుతుంది. ఆ రోజు బ్రష్‌తో వేసే మ్యాట్ వార్నిష్ వాడుకోండి.

ముందుగా ఒక పాత బొమ్మ మీదో, విరిగిన ముక్క మీదో వరసగా ఎరుపు, పచ్చ, నీలం మూడూ వేసి చూడండి. వచ్చే వీడియోలో పవర్ స్వోర్డ్ అనే కత్తి అంచు మీద మెరుపు ఎలా నడపాలో చూద్దాం.