గొంతులో ఎముక లేని చోటు

శ్రోతలకు నమస్కారం.

పక్కన ఎవరైనా గురక పెడుతుంటే "ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నారు" అనుకుంటాం. నిజానికి అప్పుడు వాళ్ళ ఊపిరి ఇరుకు దారిలోంచి పోతోంది.

ముక్కు చుట్టూ ఎముక ఉంది. కింద శ్వాసనాళానికి ఉంగరాల్లాంటి మృదులాస్థి ఉంది. మెడ ముందు, కంఠం కింద మెల్లగా తడిమితే వేలికి తగులుతుంది. ఈ రెంటికీ నడుమ, అంగిలి వెనక నుంచి స్వరపేటిక దాకా, గాలి దారికి గట్టి ఆసరా లేదు. కొండనాలుక, నాలుక మొదలు, పక్క గోడలు, అన్నీ మెత్తటి కండే. మింగాలన్నా మాట్లాడాలన్నా ఆ దారి ముడుచుకోవాలి, సాగాలి.

మెలకువలో కండరాలు బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతాయి. గడ్డం ఎముక లోపలి నుంచి నాలుకలోకి విచ్చుకునే కండరం నాలుకను ముందుకు లాగి పట్టుకుంటుంది. నిద్రలో ఆ పట్టు సడలుతుంది. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది. ఇరుకైన దారిలో గాలి వేగం పెరిగి అంగిలి, కొండనాలుక రెపరెపలాడతాయి. అదే గురక. దారి పూర్తిగా మూసుకుంటే చప్పుడు కూడా ఆగిపోతుంది. నాకు భయం వేసేది ఆ నిశ్శబ్దమంటేనే. ఛాతీ ఎగిసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడితే, గొంతు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. పెద్దవాళ్ళలో 10 సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగితే ఆప్నియా అంటారు. పూర్తిగానో, చాలావరకో ఇలా ఆగడం గంటకు 30 సార్లయితే తీవ్రమైనట్టే.

గురక పెట్టేవారందరికీ ఇది ఉండదు. అలాగని లావుగా ఉన్నవారికే వస్తుందనుకోవడమూ పొరపాటే. మెడలో, నాలుకలో చేరిన కొవ్వు దారిని నొక్కేమాట నిజం. కానీ కింది దవడ చిన్నదై వెనక్కి ఉంటే సన్నటి మనిషికీ నాలుక పట్టేంత చోటు చాలదు. పిల్లల్లో ఎక్కువగా టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ గ్రంథుల వాపు కారణం. పసివాడు తరచూ గురక పెడుతుంటే దయచేసి ముచ్చటపడి ఊరుకోకండి.

డాక్టర్ నోరు తెరిచి నాలుక చాపమంటారు. కొండనాలుక ఎంత కనిపిస్తోందో చూసే ఆ కొలత పేరు మల్లంపాటి. మత్తు డాక్టర్ శేషగిరిరావు మల్లంపాటి, గొంతులో గొట్టం వేయడం కష్టమవుతుందేమో ముందే పసిగట్టడానికి 1985లో దాన్ని ప్రచురించారు. ఇప్పుడది నిద్ర డాక్టర్లకూ అక్కరకొస్తోంది. ఆ పేరు వింటే తెలుగువాళ్ళం కాబట్టి కాస్త సంతోషం కలుగుతుంది. అయితే జబ్బు తేల్చేది మాత్రం నిద్ర పరీక్షే.

చికిత్సల్లో ముఖ్యమైనది సీపాప్ అనే, నిద్రలో గాలి పంపే యంత్రం. ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివాన్ బృందం 1981లో దీన్ని వెల్లడించింది. మాస్కు గుండా వచ్చే గాలి ఒత్తిడి ఆ మెత్తటి గోడలు కలవకుండా పట్టి ఉంచుతుంది.

మీ ఇంట్లో ఎవరి గురకైనా మధ్యలో ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్ళీ మొదలవుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి డాక్టర్‌కి వినిపించండి. నిద్రపోయే మనిషికి ఆ సంగతి తెలియదు.