క్యాన్‌లో ఒక మామూలు రోజు

అందరికీ నమస్కారం. ఇంతమంది పెద్దవాళ్ల ముందు మైకు పట్టుకుని మూత్రం గురించి మాట్లాడాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. సెక్రటరీగారు “కాఫీలు అయ్యాక మొదలుపెట్టండి” అన్నారు. నాకూ అదే మంచిదనిపించింది.

నేను డాక్టర్ని కాను, ల్యాబ్ టెక్నీషియన్ని. కిడ్నీలో రాయి తీసేది డాక్టరుగారు. అది ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి ఓ పెద్ద ప్లాస్టిక్ క్యాన్ చేతికిచ్చి పంపేది నేను. దీన్ని 24 గంటల యూరిన్ పరీక్ష అంటాం. నొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చినవాళ్లు ఏ పరీక్షకైనా సిద్ధమే. చిక్కేమిటంటే ఈ పరీక్ష అప్పుడు చేసేది కాదు. రాయి పోయాక కనీసం ఆరు వారాలు ఆగి, ఎప్పటి తిండికి, ఎప్పటి పనికి వచ్చాక చేయాలి. అప్పటికి నొప్పి సంగతే మర్చిపోయి ఉంటారు. క్యాన్ చూపిస్తే నన్ను అదోలా చూస్తారు.

పద్ధతి చెప్తాను. పొద్దున లేవగానే మొదటిసారి వెళ్లింది క్యాన్‌లో పోయకూడదు. అది రాత్రి తయారైంది, నిన్నటి ఖాతాలోది. టైము మాత్రం రాసుకోవాలి. ఆరు గంటలనుకోండి. అక్కడి నుంచి ప్రతి చుక్కా క్యాన్‌లోకే. అర్ధరాత్రి లేచి వెళ్లిందీ, దొడ్డికి వెళ్లినప్పుడు వచ్చిందీ కూడా. మర్నాడు ఆరింటికి వెళ్లింది కూడా పోసి మూత బిగించాలి. ఎక్కువమంది తప్పు చేసేది మొదటి పొద్దున్నే. దాన్నీ పోసేస్తారు. ఇక 24 గంటల క్యాన్‌లో 30 గంటల సరుకు ఉంటుంది.

కొన్ని క్యాన్లలో ముందే కాస్త యాసిడ్ పోసి ఇస్తాం, కాల్షియం, దాంతో కలిసి రాయి కట్టే ఆక్సలేట్ గడ్డకట్టి అడుగున ఉండిపోకుండా. అందులోకి నేరుగా వెళ్లకూడదు. వేరే మగ్గులో పట్టి నెమ్మదిగా పోయాలి. పిల్లలకు అందకుండా పెట్టాలి. ఒకావిడ “ఏదో వాసనొస్తోంది బాబూ, మీవాళ్లు సరిగ్గా కడగలేదు” అని సబ్బుతో శుభ్రంగా తోమి, ఆరబెట్టి మరీ వాడారు. ఆవిడ శుభ్రతకు దండం పెట్టి ఇంకో క్యాన్ ఇచ్చాను.

మధ్యలో రెండుసార్లు మర్చిపోయి బయట పోసేశారనుకోండి, చెప్పేయండి. చెప్పకపోయినా మాకు తెలిసిపోతుంది. క్రియాటినిన్ అని ఒకటుంది. కండ నుంచి వచ్చేది, రోజూ దాదాపు ఒకే మోతాదులో బయటికి పోతుంది. మగవాళ్లకు కిలో బరువుకు సుమారు 20 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు ఇంకొంచెం తక్కువ. 70 కిలోల మనిషికి 1400 దగ్గర రావాల్సింది 700 వస్తే, సగం సరుకు బాత్రూమ్ గొట్టంలోకి పోయినట్టే.

దీన్ని మించిన తప్పు ఇంకోటుంది. దాన్ని క్రియాటినిన్ కూడా పట్టలేదు. ఒక బస్సు డ్రైవరుగారికి మూడుసార్లు రాళ్లు వచ్చాయి. సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని పరీక్ష చేయించుకున్నారు. యూరిన్ రెండున్నర లీటర్లు. డాక్టర్లు కనీసం ఉండాలనేది సరిగ్గా అంతే. రిపోర్టు నిక్షేపంలా ఉంది. మరి రాళ్లెక్కడివి? డ్యూటీ రోజున చేయమన్నాం. బ్యాగులో సీసా పెట్టుకుని పాపం తంటాలు పడి పట్టుకొచ్చారు. 850 మిల్లీలీటర్లు! మధ్యలో బస్సు ఆపలేరు కాబట్టి నీళ్లే తాగరు. రాయి పుట్టేది ఆ రోజుల్లో. మిరపచేలో కూలికెళ్లేవాళ్లదీ, గల్ఫ్ ఎండలో పనిచేసే మన కుర్రాళ్లదీ ఇదే కథ. అందుకే క్యాన్ ఉందని ఆ రోజు ఎక్కువ నీళ్లు తాగకండి, పత్యం చేయకండి. వీలైతే రెండు రోజులు చేయించుకోండి. ఒకటి పనిరోజు, ఒకటి కోడికూర వండిన ఆదివారం.

రిపోర్టులో చాలామందిని ఆశ్చర్యపరిచేది సోడియం. “మా ఇంట్లో ఉప్పు చాలా తక్కువండీ” అంటారు. సోడియం 240 మిల్లీమోల్స్ కనిపిస్తుంది. అంటే దాదాపు 14 గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు. కూరలో తక్కువే వేసి ఉంటారు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు ఎవరి లెక్కలోకి వస్తాయి? సోడియం బయటికి పోతూ కాల్షియాన్ని కూడా యూరిన్‌లోకి లాక్కుపోతుంది. రాయికి ముడిసరుకు అదే.

కాల్షియం అనగానే పాలు, పెరుగు మానేసేవాళ్లు మీలోనే ఉంటారు. మానొద్దు. ఇటలీలోని పార్మాలో కాల్షియం రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చే 120 మంది మగవాళ్లను తీసుకున్నారు. 60 మందికి కాల్షియం తగ్గించారు. మిగతా 60 మందికి కాల్షియం మామూలుగానే ఉంచి, ఉప్పూ మాంసం తగ్గించారు. ఐదేళ్లలో మొదటి గుంపులో 23 మందికి, రెండో గుంపులో 12 మందికి రాళ్లు తిరగబెట్టాయి. 2002లో వచ్చింది ఆ ఫలితం. అన్నంతో పాటు కడుపులోకి వెళ్లిన కాల్షియం, ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టేస్తుంది. పాలకూర పప్పు తిన్న పూట పెరుగన్నం తినాలని ఎవరు పెట్టారోగానీ మంచి పనే చేశారు. పాపం, టమాటా మీద వేసే నింద చాలావరకు అన్యాయం. ఆక్సలేట్ దండిగా ఉండేది పాలకూరలో.

యూరిన్‌లో రాయి కట్టకుండా అడ్డుపడే సిట్రేట్ అని ఒకటుంది. అది తక్కువుంటే రాయి కట్టడం తేలిక. సిట్రేట్ పెరగడానికి నిమ్మకాయ నీళ్లు కాస్త పనికొస్తాయి, ఉప్పు వేయకుండా తాగితే. పీహెచ్ అంటే యూరిన్‌లో ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నట్టు. అది 5.5 లోపే ఉంటుంటే యూరిక్ యాసిడ్ రాళ్లని అనుమానిస్తారు. వాటిని మందులతో కరిగించొచ్చు, కోత అక్కర్లేకుండా. పీహెచ్ చూడాలంటే మాత్రం యాసిడ్ లేని శాంపిల్ కావాలి, ల్యాబ్‌లో అడగండి.

కొండపిండి ఆకు, అరటిదవ్వ రసం, ఉలవచారు తాగుతున్నారా? అది కూడా డాక్టరుగారికి చెప్పండి. విటమిన్ సి మాత్రలు వేసుకుంటుంటే తప్పకుండా చెప్పండి, వాటితో ఆక్సలేట్ పెరుగుతుంది.

ప్రశ్నలుంటే అడగండి. చూపించడానికి నాలుగు క్యాన్లు తెచ్చాను, ఆ మంచినీళ్ల బల్ల పక్కనే పెట్టాను. కంగారు పడకండి, కొత్తవే.